కంప్యూటరును బాగుచేయుటకు ముందు విండోసు లైసెన్సును గుర్తించు విధము

గడచిన సంక్రాంతి సెలవుల పిమ్మట పాఠశాల తెఱచిన రెండవ దినమున, మన తొమ్మిదవ తరగతి బాలిక యొకతె తల్లి యొక ల్యాప్‌టాపును గుడ్డసంచిలోఁ బెట్టుకొని నాయొద్దకు వచ్చెను. ఆమె కుట్టుపని చేసి కుటుంబమును పోషించుకొనుచున్నది. "మాష్టరుగారూ, జులై మాసములో దీని డిస్కు పాడైనదని బజారులో నొక దుకాణమున కిచ్చితిని. క్రొత్త డిస్కు వేసి, దాని వెలగాక విండోసు ఖరీదని 3,500 రూపాయలు పుచ్చుకొనిరి. ఇప్పుడు విండోసు చెల్లదని తెరమీఁద వ్రాఁత వచ్చుచున్నది. పోయి యడిగినచో మఱల సొమ్ము తెమ్మనుచున్నారు" అని చెప్పెను.

నేనా యంత్రమును ఒక గంటసేపు పరీక్షించితిని. ఆమె ల్యాప్‌టాపును కొన్న దినముననే దానితోఁగూడ విండోసు హక్కును గూడఁ గొనియుండెను. ఆ హక్కు యంత్రము లోపలనే భద్రముగా నుండెను. దుకాణమువారు దానిని చూడకయే వేఱొక జాతి విండోసును నింపి, ఆఱు మాసములకు గడువు తీఱు తాళమును వేసి పంపిరి. పైసా ఖర్చులేక ఆమె హక్కు ఆమెకు మఱల దక్కినది గాని, పోయిన 3,500 రూపాయలు రాలేదు. కంప్యూటరు బాగుచేయుట నేర్చుకొనఁగోరు పై తరగతుల విద్యార్థులు ఈ వ్యాసమును పాఠముగాఁ జదువవలెను. తల్లిదండ్రులు కనీసము మొదటి సగమైనఁ జదువుదురని తలంచుచున్నాను.

మొట్టమొదట నొక భేదమును గ్రహింపుఁడు. కంప్యూటరు లోపలి పరికరములన్నిటిని నడపించు ప్రధాన కార్యక్రమమును ఆపరేటింగ్ సిస్టము అందురు. మన దేశమున ఇండ్లలోను కచేరీలలోను ఎక్కువగా నున్నది మైక్రోసాఫ్టు కంపెనీవారి విండోసు. డిస్కులో విండోసు ఉండుట వేఱు, దానిని వాడుకొను హక్కు ఉండుట వేఱు. ఆ హక్కునకే లైసెన్సు అని పేరు. విండోసు ప్రతిని మైక్రోసాఫ్టువారి స్థలమునుండి ఎవ్వరైనను ఉచితముగా దింపుకొనవచ్చును. వెల యంతయు హక్కునకే. డిస్కు విఱిగిపోయినను హక్కు విఱిగిపోదు. ఈ యొక్క సంగతి తెలియకపోవుటచేతనే జనులు ఒకే వస్తువును రెండుమాఱులు కొనుచున్నారు.

ఈ హక్కు ముఖ్యముగా మూఁడు జాతులు. వానిని మన యింటి సామానులతోఁ బోల్చి చెప్పెదను.

గోడలోఁ గట్టిన బీరువా వంటిది మొదటి జాతి. ఇల్లు మాఱునపుడు దానిని తీసికొనిపోలేము, అది యింటితోనే యుండును. కంప్యూటరును తయారుచేసిన కంపెనీవారు తామే విండోసును నింపి అమ్మినచో ఆ హక్కు అట్టిది. దీనికి ఓ.ఇ.ఎం. లైసెన్సు అని పేరు. యంత్రము బ్రదికినంతకాలము అదియు బ్రదుకును. దానిని మఱియొక యంత్రమునకు మార్చరాదు. అంగళ్లలో అమ్ము ల్యాప్‌టాపులలో నధికభాగము ఈ జాతివే.

కొయ్యబీరువా వంటిది రెండవది. దానిని బండిమీఁద వేసికొని క్రొత్త యింటికిఁ దీసికొనిపోవచ్చును, కాని ఒకేసారి రెండిండ్లలో నుంచలేము. విడిగా కొన్న విండోసు ఇట్టిది, రీటైలు లైసెన్సు అని పేరు. పాత యంత్రమునుండి తీసివేసి క్రొత్తదానిలో పెట్టుకొనవచ్చును.

మూఁడవది పాఠశాల గ్రంథాలయములోని పుస్తకము వంటిది. చదువువాఁడు విద్యార్థియే, సొంతదారు పాఠశాల. ఒక సంస్థ తన యంత్రములన్నిటికిని గలిపి తీసికొను హక్కు వాల్యూము లైసెన్సు. ఉద్యోగి వెడలిపోవునపుడు దానిని వెంటఁ గొనిపోరాదు. సంస్థవారు పాత కంప్యూటరును అమ్మివేసినను ఈ హక్కు వారియొద్దనే నిలుచును. మఱియు విండోసు విషయమున వాల్యూము హక్కు సాధారణముగా పైమెట్టు హక్కు మాత్రమే. క్రింద ఓ.ఇ.ఎం. వంటి మూలహక్కు ఒకటి యుండవలెను. పాఠశాలల పక్షమున యంత్రములు కొనువారు ఈ సంగతి తఱచుగా మఱచిపోవుదురు.

ఇఁక ఈ జాతులను ఎట్లు గుర్తించుట? హక్కును నమోదుచేయు పద్ధతి కాలక్రమమున మాఱినందున యంత్రము ఏ కాలమునాఁటిదో మొదట చూడవలెను.

2001 సంవత్సరమున వెలువడిన విండోసు ఎక్స్‌పి మొదలుకొని 2009లో వెలువడిన విండోసు 7 వఱకు, ఓ.ఇ.ఎం. యంత్రముమీఁద నొక చిన్న స్టిక్కరు అంటించుచుండిరి. బల్లమీఁది యంత్రమునకు పెట్టె ప్రక్కను, ల్యాప్‌టాపునకు అడుగునను లేక బ్యాటరీ గూటిలోను అది యుండును. దానిమీఁద అయిదేసి అక్షరములు గల అయిదు గుంపులుగా 25 అక్షరముల కీ ముద్రింపఁబడి యుండును. ఇచ్చట నా తప్పు నొకదానిని ఒప్పుకొనవలసియున్నది. కొన్ని యేండ్ల క్రిందట వార్షిక తనిఖీకి ముందు, ప్రయోగశాల మెఱయవలెనని నేనే బాలురచేత యంత్రముల పెట్టెలన్నియు స్పిరిటుతోఁ దుడిపించితిని. పెట్టెలు మెఱసినవి. మూఁడు స్టిక్కరులమీఁది అక్షరములు మాత్రము గుడ్డకంటుకొని పోయినవి. తనిఖీకి వచ్చిన యధికారి గది శుభ్రముగా నున్నదని మెచ్చుకొనెను! అప్పటినుండి ఏ పాతయంత్రము నాయొద్దకు వచ్చినను, ముందు స్టిక్కరును ఫోనుతో బొమ్మ తీసి యుంచుచున్నాను.

మాసిన స్టిక్కరును చదువువారికి ఒక సాయము చెప్పెదను. ఈ కీలలో ఆంగ్ల అచ్చులు అయిదును ఎన్నఁడును రావు. ఎల్, ఎస్, జెడ్ అను అక్షరములును, సున్న, ఒకటి, అయిదు అను అంకెలును రావు. కావున గుండ్రముగాఁ గనఁబడినది 'ఓ' యా, సున్నయా యను సందేహమే యక్కఱలేదు. అది 'క్యూ' గాని 'డి' గాని కావలెను. ఎనిమిది అంకెకును 'బి'కిని, ఆఱు అంకెకును 'జి'కిని భ్రాంతి మాత్రము తప్పదు. రెండును వేసి చూడవలసినదే.

పెద్ద కంపెనీల యంత్రములలో నింకొక విచిత్రము కలదు. విస్టా, విండోసు 7 కాలమున ఆ కంపెనీలు మదర్‌బోర్డులోనే తమ గుఱుతు నొకదానిని నిలిపి, కర్మాగారములో యంత్రములన్నిటికి నొకే కీతో విండోసును నింపెడివారు. కావున యంత్రములోని కీ వేఱుగాను, స్టిక్కరుమీఁది కీ వేఱుగాను ఉండును. ఇది మోసము కాదు. స్టిక్కరు కీ, కర్మాగారపు ప్రతి చెడిపోయినపుడు వాడుకొనుటకై యిచ్చినది.

2012లో విండోసు 8 వచ్చినప్పుడు ఈ పద్ధతి మాఱెను. అప్పటినుండి పెద్ద కంపెనీల ప్రతి యంత్రమునకును దానికిఁ దగిన ప్రత్యేకమైన కీ మదర్‌బోర్డులోని స్థిరస్మృతియందే వ్రాయఁబడుచున్నది. బయటి స్టిక్కరుమీఁద కీ యుండదు. డిస్కును మార్చినను, చెఱిపినను ఆ కీ చెక్కుచెదరదు. కుట్టుపని చేయు నా తల్లి ల్యాప్‌టాపులో నున్నది ఇదియే.

2015 జులై 29వ తేదీన విండోసు 10 వెలువడుటతో నింకొక పద్ధతి వచ్చెను. యంత్రము యొక్క గుఱుతులను మైక్రోసాఫ్టువారు తమ లెక్కలలో వ్రాసికొని, అదే యంత్రము మఱల వచ్చినపుడు కీ యడుగకయే అంగీకరింతురు. దీనికి డిజిటల్ లైసెన్సు అని పేరు. విండోసు 7, 8.1 ఉన్నవారికి ఒక సంవత్సరముపాటు ఉచితముగా విండోసు 10 ఇచ్చినప్పుడు, వారికి దొరకినది ఇట్టి హక్కే. 2016లో వచ్చిన రూపాంతరమునుండి ఈ హక్కును మన మైక్రోసాఫ్టు అకౌంటుతో ముడివేసికొనుటకు వీలు కలిగెను.

పరీక్షించు క్రమమును ఇప్పుడు చెప్పెదను. యంత్రము ఇంకను లేచుచున్నయెడల, ఏమియుఁ జెఱపకముందే కమాండు ప్రాంప్టును తెఱచి, ఎస్, ఎల్, ఎమ్, జి, ఆర్ అను అయిదు అక్షరములను, పిదప నొక ఖాళీని, ఒక వాలుగీటును, డి, ఎల్, ఐ అను మూఁడక్షరములను కొట్టి ఎంటరు మీటను నొక్కుఁడు. ఒక చిన్న కిటికీ వచ్చును. అందు విండోసు ఏ తరగతిదో, అనఁగా హోమా, ప్రోయా, అనునదియు, ఏ ఛానెలుదో అనునదియు, కీ యొక్క కడపటి అయిదు అక్షరములును ఉండును. ఓ.ఇ.ఎం. డి.ఎం. అని యున్నచో మదర్‌బోర్డులోని కీ. ఓ.ఇ.ఎం. ఎస్.ఎల్.పి. అని యున్నచో పాత కర్మాగారపు కీ. సి.ఓ.ఏ. అను అక్షరములున్నచో స్టిక్కరు కీ. వాల్యూము కె.ఎం.ఎస్. క్లయంటు అనియో, వాల్యూము ఎం.ఏ.కె. అనియో యున్నచో సంస్థలకు సంబంధించినది. రీటైలు అని యున్నచో మాత్రము తొందరపడకుఁడు.

ఎందుకనఁగా, విండోసు 10లోను 11లోను డిజిటల్ లైసెన్సు పొందిన యంత్రములు కూడ రీటైలు అనియే చెప్పును. అట్టివాని కీ యందఱికి నొక్కటే. ప్రో తరగతి కీ కడపటి యక్షరములు 3, వి, 6, 6, టి. హోము తరగతివి 8, హెచ్, వి, ఎక్స్, 7. ఇవి కనఁబడినచో ఆ యంత్రము నిజముగా రీటైలు కొన్నదని చెప్పుటకు వీలులేదు. మూలహక్కు ఓ.ఇ.ఎం.దే కావచ్చును, దానినుండి ఉచితముగా పైకి వచ్చినదై యుండవచ్చును. నేను మొదట దీనిని తెలియక, ఒక స్నేహితునితో "మీ హక్కును క్రొత్త యంత్రమునకు మార్చుకొనవచ్చును" అని ధైర్యముగాఁ జెప్పి, పిదప తలవంచుకొంటిని.

అదే పదము వ్రాసి డి, ఎల్, ఐలకు బదులు ఎక్స్, పి, ఆర్ అని కొట్టినచో, హక్కు శాశ్వతమా, గడువు కలదా అని తెలియును. ఇంట వాడుకొను యంత్రము గడువుతేదీని చూపినచో అనుమానింపవలెను. కె.ఎం.ఎస్. అను పద్ధతిలో సంస్థ యొక్క సర్వరు, తన వలలోని యంత్రములకు 180 దినముల హక్కు నిచ్చును. యంత్రము ఏడేసి దినములకొకసారి సర్వరును పలుకరించి ఆ గడువును పొడిగించుకొనుచుండును. కనీసము 25 యంత్రములైనను అడిగినఁగాని ఆ సర్వరు విండోసు యంత్రములకు హక్కు నీయదు. కుట్టుపని చేయునామె యింటిలో సర్వరెక్కడిది? దుకాణమువారు దొంగసర్వరును ఒక చిన్న కార్యక్రమముగా యంత్రములో నొకసారి నడపి, 180 దినముల హక్కును పుట్టించిరి. జులైలో వేసినది జనవరిలోఁ జెల్లకపోయెను. లెక్క సరిగా సరిపోయినది.

ఎం.ఏ.కె. అనునది నియమితసంఖ్యలో యంత్రములకు పనికివచ్చు సంస్థ కీ. మిక్కిలి చౌకగా అమ్మఁబడు కీలలో ననేకములు ఏదో సంస్థనుండి జాఱిన యిట్టివే. మొదట పనిచేయును. ఆ సంస్థవారో మైక్రోసాఫ్టువారో కనిపెట్టి నిలిపివేసినప్పుడు ఆఁగిపోవును. కొనినవారికి దాని విషయమై అడుగుటకు చోటుండదు.

మదర్‌బోర్డులో దాఁగియున్న కీని చూచుటకు పవర్‌షెల్లు అను సాధనములో నొక పంక్తి వ్రాయవలెను. అది పొడవైనది గనుక దానిని అక్షరము తప్పకుండ వ్రాసి ప్రయోగశాల గోడకుఁ దగిలించితిని. దానిలో ఓ.ఏ.త్రీ.ఎక్స్. అని మొదలగు మాటయే ముఖ్యము. జవాబుగా 25 అక్షరములు వచ్చినచో యంత్రములో ఓ.ఇ.ఎం. హక్కు కలదన్నమాట. ఏమియు రానిచో ఆ యంత్రము 2012కు ముందుదో, విడిభాగములతోఁ గూర్చినదో అయియుండును.

డిస్కు పూర్తిగాఁ జచ్చియున్నచో ఈ ప్రశ్నలేవియు నడుగలేము. అప్పుడు మైక్రోసాఫ్టువారి సాధనముతో 8 జి.బి.కి తక్కువకాని పెన్‌డ్రైవులో విండోసును సిద్ధపఱచి, దానితో యంత్రమును లేపవలెను. మదర్‌బోర్డులో కీ యున్నయెడల, ఆ ప్రతి మనలను కీ యడుగదు, ఏ తరగతి యనియు నడుగదు. తానే చదువుకొని సరియైన తరగతిని నింపును. ప్రో కావలెనా, హోము కావలెనా అని యది యడిగినచో మదర్‌బోర్డులో కీ లేదని తెలిసికొనవచ్చును. మన దేశములో నమ్ముడగు ల్యాప్‌టాపులలోఁ జాలవఱకు హోము సింగిల్ లాంగ్వేజి అను తరగతి యుండును. ఆమె యంత్రములో నున్నది అదియే. ప్రో గొప్పదికదా యని దుకాణమువారు ప్రోను నింపిరి. హోమునకు హక్కున్నవాఁడు ప్రోను నింపుకొన్నచో హక్కు అక్కఱకు రాదు. నేను చేసిన పనియంతయు ఆ ప్రోను తీసి, సరియైన హోమును నింపి, ఇంటర్నెటునకుఁ గలుపుటయే.

ఒక హెచ్చరిక. క్రొత్త ల్యాప్‌టాపులలో డిస్కు నంతయు రహస్యలిపిలో నుంచు ఏర్పాటు తఱచుగా నుండును. దానికి 48 అంకెల తిరుగుకీ వేఱుగాఁ గలదు. ఇది లైసెన్సు కీ కాదు. మదర్‌బోర్డును విప్పుటకు ముందే యజమాని తన అకౌంటులోనుండి దానిని వ్రాసికొనియుండవలెను. అది లేనిచో పిల్లల బొమ్మలును, లెక్కలును, వ్రాసికొన్న పాఠములును డిస్కులో నుండియు లేనట్లే.

మదర్‌బోర్డే చెడిపోయినచో నేమి గతి? ఓ.ఇ.ఎం. హక్కు బోర్డుతోఁ గూడినది. తయారుచేసిన కంపెనీవారి సర్వీసు కేంద్రమువారే చెడిన బోర్డును మార్చినచో, క్రొత్త బోర్డులో కీని నింపించి యిత్తురు. అది వచ్చినదో లేదో చూచుకొనియే సొమ్ము చెల్లింపవలెను. బజారులో వేఱుజాతి బోర్డును వేయించుకొన్నచో అది క్రొత్త కంప్యూటరుతో సమానము, పాత హక్కు చెల్లదు. రీటైలు హక్కున్నవారికి ఈ చిక్కులేదు.

మన ప్రయోగశాలలో 14 యంత్రములున్నవి. సంక్రాంతి తరువాతి రెండు శనివారములు పదవ తరగతి బాలబాలికలు నాతోఁగూడి వానినన్నిటిని పరీక్షించిరి. 2019లో కొన్న ఆఱింటికి మదర్‌బోర్డులో కీ కలదు. అయినను వానిలో నాలుగింటిలో ఎవరో బాగుచేయువారు దొంగసర్వరు విండోసును నింపియుండిరి! స్వంతబావి యుండఁగా పొరుగువాని బావిలో దొంగతనముగా నీరు తోడినట్లున్నది. పూర్వవిద్యార్థులు దానమిచ్చిన పాత యంత్రములు అయిదు. వానిలో రెండింటికి కీ యేమియు వేయకయే ఇంటర్నెటు కలుపఁగానే హక్కు వచ్చినది. 2016లోనో, ఆ ప్రాంతముననో దాతలు ఉచితముగా విండోసు 10కి మాఱియుందురు. మిగిలిన మూఁడింటివి నేను తుడిపించిన స్టిక్కరులు. ఆ కీలు నిలిచియున్నను 2023 సెప్టెంబరు తరువాత విండోసు 7 కీలతో విండోసు 10ని గాని, 11ని గాని తెఱచుటకు మైక్రోసాఫ్టువారు అంగీకరించుటలేదు గనుక, ఇప్పుడు పనికిరాకుండెడివి. అయినను ఆ నాఁడు నా నిర్లక్ష్యమువలననే మూఁడు హక్కులు పోయినవి. విడిభాగములతోఁ గూర్చిన తక్కిన మూఁడింటిలో నున్నది ఎవరిదో యెఱుఁగని ఎం.ఏ.కె. కీ.

ఈ ఆఱు యంత్రములను విండోసుతో నడుపుటకు మనకు హక్కు లేదు. 1957 నాఁటి కాపీరైటు చట్టములోని 63బి సెక్షను ప్రకారము, దొంగప్రతియని యెఱిఁగియే కంప్యూటరు కార్యక్రమమును వాడినవారికి 7 దినములకుఁ దక్కువకాకుండ 3 సంవత్సరముల వఱకు ఖైదును, 50,000 రూపాయలకుఁ దక్కువకాకుండ 2 లక్షల వఱకు జుల్మానాయు విధింపవచ్చును. వ్యాపారలాభము కొఱకు వాడనివారి విషయమున న్యాయస్థానము ఖైదును మానుపవచ్చునని యందే యున్నది. కాని "మాది పాఠశాల కదా" యను మాట హక్కు కాదు.

అందుచేత వానిలో లినక్సును నింపితిమి. దాని లైసెన్సు వేఱొక జాతి. ఎన్ని యంత్రములలోనైనను నింపవచ్చును, ఇతరుల కీయవచ్చును, లోపలి వ్రాఁతను చదువవచ్చును, మార్చవచ్చును. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవంటివారు దానిని తెలుఁగులోనికిఁ దెచ్చుటకుఁ బాటుపడిరి. తొమ్మిదవ తరగతివారు మొదట మొగము చిట్లించిరి. ఇప్పుడు ప్రోగ్రాములు వ్రాయుటకు ఆ వరుసలోనే కూర్చుందుమని పోట్లాడుచున్నారు.

2025 అక్టోబరు 14వ తేదీతో విండోసు 10కి సాధారణ రక్షణసవరణలు ఆఁగిపోయినవి. 2019 నాఁటి యాఱు యంత్రములను అదే హక్కుతో విండోసు 11కు మార్చితిమి. దానమువచ్చిన రెంటికిని విండోసు 11 కోరు పరికరములు లేవు. హక్కు సక్రమమైనదే గాని రక్షణ లేదు గనుక, వానిని ఇంటర్నెటునుండి విడదీసి టైపు నేర్చుకొనుటకు మాత్రము ఉంచితిమి.

ప్రతి యంత్రము సంఖ్య, కొన్న సంవత్సరము, హక్కు జాతి, కీ కడపటి అయిదక్షరములు, పరీక్షించిన తేదీ అను అయిదు గడులతో నొక పుస్తకము వ్రాయించితిని. బాగుచేయుటకు యంత్రమును బయటి కిచ్చునపుడు ఆ పంక్తిని వ్రాసి చీటీగా వెంట పంపుచున్నాము, తిరిగివచ్చినపుడు దానితో సరిచూచుకొనుచున్నాము. మొన్న నొక యంత్రము తిరిగివచ్చినప్పుడు అక్షరములు సరిపోలేదు. పదవ తరగతి బాలిక యొకతె చీటీని చేతఁబట్టుకొని దుకాణమునకు పోయి, "అయ్యా, మా హోమును మాకు తిరిగి యీయుఁడు" అని యడిగి, సాయంకాలమునకు సరిచేయించుకొని వచ్చెను.